భూగర్భ ధనపు లెక్క: సీస యశదముల చరిత్ర

భూమికి మన పెద్దలు వసుంధర యనియు, రత్నగర్భ యనియు పేరిడిరి. వసువనగా ధనము, ధనమును ధరించునది కావున వసుంధర. పేరు బాగుగనే యున్నది. కాని ఆ గర్భమున ధన మెంత కలదు, ఏ చోట కలదు, అందు మానవునకు దక్కున దెంత యను ప్రశ్నలకు పేరు సమాధానము చెప్పదు. పైరును కంటితో చూచి దిగుబడిని అంచనా కట్టవచ్చును. చెరువులోని నీటిమట్టమును తూముకడ నిలిపిన కొలకఱ్ఱ చెప్పును. కళ్ళములోని రాశిని కొలిచి పుట్ల లెక్క వ్రాయవచ్చును. వందల మీటర్ల లోతున ఱాతిలో నిమిడియున్న సీసమును, యశదమును కొలుచుట కే కుంచము కలదు? కొలిచితిమని వ్రాసిన లెక్క నెంతవఱకు నమ్మవచ్చును?

ఈ ప్రశ్నకు మానవుడు సమాధానము వెదకుచున్న చరిత్ర రెండువేల యేండ్లకు పైబడినది. చూచినదానిని చూచినట్లును, ఊహించినదానిని ఊహించినట్లును వేర్వేఱుగా వ్రాయుటను అతడు మెల్లమెల్లగా నేర్చుకొనుటయే ఆ చరిత్ర సారము. నేర్చుకొనని చోట్ల ధనము పోయినది; కొన్నిచోట్ల బ్రతుకులును చెదరినవి.

రెండు లోహములు

సీసమును యశదమును తోబుట్టువులవంటివి. పెక్కుచోట్ల ఒకే ఱాతిలో కలిసి యుండును. సీస మిచ్చు ముఖ్యఖనిజమునకు గెలీనా యని పేరు. అది నీటికంటె ఏడున్నర రెట్లు బరువు గలది. పగులగొట్టినచో పాచికలవంటి ముక్కలై వెండివలె తళుకులీనును. యశద మిచ్చు ఖనిజము స్ఫాలరైటు. అది నీటికంటె నాలుగు రెట్లు బరువు; గుగ్గిలపు రంగు మొదలు నలుపు వఱకు పలు వన్నెల నుండును. గ్రీకు భాషలో మోసకారి యను నర్థమిచ్చు మాటనుండి దానికా పేరు వచ్చినది. గెలీనా యని భ్రమపడి కరిగించినవారికి అందుండి సీసము రాకపోవుటయే అందులకు కారణము. ఈ రంగమున అంచనా తప్పుట ఖనిజపు పేరులోనే నమోదై యున్నది.

తెలుగువారు యశదమును తుత్తునాగ మనిరి. బీదరు పనివారు నల్లని పాత్రలపై వెండితీగెలు పొదిగి చేయు బిద్రీ సామానునకు మూలలోహము యశదమే. అందు రాగి కొలదిగా కలుపుదురు. బీదరు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది కావున ఆ పనితనము తెలంగాణమువారికి చిరపరిచితము. ఇంటికప్పునకు వాడు ఇనుపరేకును, నూతికడ బాల్చిని త్రుప్పునుండి కాపాడు తెల్లని పూతయు యశదమే. సీసము బ్యాటరీలలో విశేషముగా వాడబడుచున్నది.

అర్థశాస్త్రమున ఆకరాధ్యక్షుడు

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమునందు గనుల అధికారి ధర్మములు చెప్పబడినవి. అతనికి ఆకరాధ్యక్షుడని పేరు. అతడు ధాతుశాస్త్రమును, రసపాకమును, మణుల వన్నెలను ఎఱిగినవాడై యుండవలెను. లేనిచో ఎఱిగినవారిని తోడుంచుకొనవలెను. కిట్టము, మూస, బొగ్గు, బూడిద యను గుఱుతులచేత పాతగనిని కనిపెట్టవలెను. మట్టియొక్కయు ఱాతియొక్కయు వన్నె, బరువు, వాసన, రుచి తీవ్రముగా నున్నచో అచట క్రొత్తగని కలదేమో యని పరీక్షింపవలెను. సీసపు ఖనిజము కాకివలె నల్లగానో, పావురపు వన్నెతోనో, తెల్లని చారలతోనో యుండి నీచువాసన గొట్టునని లక్షణము చెప్పబడినది.

అంతకంటె గమనింపదగిన మాట మఱియొకటి కలదు. మిక్కిలి వ్యయప్రయాసలు గోరు గనిని భాగమునకో కౌలునకో ఇతరుల కీయవలెననియు, తేలికగా నడచు గనిని రాజు తానే నడిపించుకొనవలెననియు కౌటిల్యుడు విధించెను. ఖనిజ మున్నదన్న వార్త విని రాజు సంతోషించి ఊరకుండరాదు. తీయుట కగు ఖర్చెంత, మిగులున దెంత యని చూచుకొనవలెను. ఈ వివేక మానాడే కలదు.

అయితే గుఱుతు వేఱు, కొలత వేఱు. గని ఎచ్చట కలదో కనుగొను గుఱుతులను శాస్త్రము చెప్పెను. ఆ గనిలో ఎన్ని బారువుల లోహము కలదో త్రవ్వకముందే తెలియు ఉపాయము ఆ కాలమునకు లేదు.

జావరు కొలుములు

రాజస్థానమున ఉదయపురమునకు దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున జావరు కలదు. ఆ కొండలలో క్రీస్తునకు పూర్వమే గనులు త్రవ్విరని లోపల దొరకిన కొయ్యల కాలనిర్ణయమువలన తేలినది. మధ్యయుగమున అచ్చట యశదమును పెద్దయెత్తున తీసిరి. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజలు వ్రాసిన అయినీ అక్బరీలో జావరు యశదపు గని ప్రస్తావన కలదు.

యశదమును ఖనిజమునుండి వేఱుచేయుట సీసమును తీసినంత సులభము కాదు. సీసము కొలిమిలో కరిగి అడుగునకు దిగును. యశదమో, 907 డిగ్రీల వేడికే ఆవిరియై పోవును. ఖనిజమునుండి అది విడివడుటకు అంతకంటె ఎక్కువ వేడి కావలెను. కావున తెఱచిన కొలిమిలో అది పుట్టుచునే గాలిలో కలిసి బూడిద యగును. జావరు పనివారు మట్టితో వంకాయ ఆకారపు మూసలు చేసి, వానిలో ఖనిజమును నింపి, మూతికి గొట్టమును తగిలించి, తలక్రిందుగా కొలిమిలో నిలిపిరి. పైన మంట, క్రింద చల్లని గది. ఆవిరి గొట్టమువెంట దిగి క్రిందిపాత్రలో యశదమై పేరుకొనెను. రసరత్నసముచ్చయమున చెప్పబడిన వృంతాకమూష యిట్టిదే, వృంతాకమనగా వంకాయ. 1980 దశకమున హిందూస్థాన్ జింక్ సంస్థయు, బరోడా విశ్వవిద్యాలయమును, బ్రిటిష్ మ్యూజియమును కలిసి జరిపిన పరిశోధనలో ఒక్కొక్క కొలిమికి 36 మూసలు చొప్పున పేర్చిన కొలుముల వరుసలు బయటపడినవి. ఐరోపా ఖండమున బ్రిస్టలు నగరవాసి విలియం ఛాంపియను యశదమును ఆవిరిచేసి తీయు విధానమునకు హక్కుపత్రము పొందినది 1738లో. జావరువారి పని అప్పటికి శతాబ్దుల నాటిది.

అంతటి నేర్పరులకును గనిలోని ఖనిజమును ముందుగా లెక్కకట్టుట సాధ్యము కాలేదు. ఖనిజపు పొర పోయినదారినే పనివాడు పోయెను. అది సన్నగిలినచో ఆగెను. అతనికి త్రవ్వుటయే కొలుచుట. 19వ శతాబ్ది తొలినాళ్ళకు జావరు పని ఆగిపోయినది. కాల్చిన మూసల దిబ్బలు మాత్రము మిగిలినవి; ఊరివారు ఆ మూసలనే గోడలలో పేర్చి ఇండ్లు కట్టుకొనిరి. కౌటిల్యుడు చెప్పిన మూస, కిట్టము అను గుఱుతులే తరువాతి కాలపు భూవిజ్ఞానులకు దారి చూపినవి.

1909వ సంవత్సరము

గుఱుతునుండి కొలతకు మానవుడు వచ్చిన కథలో 1909వ సంవత్సరము చిత్రమైనది. మైసూరు పండితుడు శామశాస్త్రి తనకు 1905లో లభించిన తాళపత్రప్రతినిబట్టి అర్థశాస్త్రమును ముద్రించిన దా యేడే. అమెరికా దేశపు గనుల ఇంజనీరు హెర్బర్టు హూవరు గనుల తంత్రమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించినదియు ఆ యేడే. ఇతడే తరువాత 1929 మొదలు 1933 వఱకు అమెరికా అధ్యక్షుడుగా నుండెను.

హూవరు ఖనిజమును మూడు తరగతులుగా విభజించెను. పొర తెగిపోవునన్న భయము దాదాపు లేనంతగా పరీక్షింపబడినది మొదటిది: రుజువైన ఖనిజము. కొంత భయమున్నను, పొర కొనసాగునని నమ్ముటకు తగిన కారణములు గలది రెండవది: సంభవనీయ ఖనిజము. ఈ రెంటను చేరక, ఆశమాత్రమే గలది మూడవది. ఆ మూడవదానిని టన్నుల లెక్కలో చెప్పనే రాదని అతడు నియమము పెట్టెను. ఆశకు అంకె వేయరాదన్న ఆ నియమము ఈ శాస్త్రమునకు పునాదిఱాయి యైనది.

గ్రంథాలయమునకు పుస్తకపట్టిక వ్రాయు కార్యదర్శికి ఇందలి న్యాయము సులభముగా బోధపడును. బీరువాలో నున్న పుస్తకము లొక కాలములోనివి. పంపితిమని జాబు వచ్చి, దారిలో నున్నవి వేఱొక కాలములోనివి. ఎవరో ఒక దాత ఎప్పుడో ఇచ్చెదనన్నవి పట్టికకే ఎక్కరానివి. మూడింటిని కూడి ఒకే మొత్తము వ్రాసినవాడు అబద్ధము పలుకలేదని వాదింపవచ్చును. కాని పుస్తకమునకై వచ్చిన చదువరి మోసపోవును.

ఎంత ఉన్నది, ఎంత దక్కును

ఈ పాఠము హూవరునకు పుస్తకములలో దొరకినది కాదు. ఆస్ట్రేలియా దేశమున బ్రోకెన్ హిల్ అను సీస యశద క్షేత్రమున అతడు పనిచేసెను. 1883లో ఛార్లెస్ రాస్పు అను గొఱ్ఱెలమందల కావలివాడు అచటి నల్లని ఱాతిని చూచి తగరమని తలచెను. పరీక్షింపగా సీసమును, కొద్దిగా వెండియు కనబడినవి. మొదటి అంచనా చిన్నదగుటచేత తొలి భాగస్వాములలో కొందఱు తమ వాటాల నమ్ముకొనిరి. తరువాత అది ప్రపంచమున మిక్కిలి గొప్ప సీస యశద నిక్షేపములలో నొకటియై తేలినది.

అచ్చట సీసమును వెండిని తీసికొని, యశదము మిగిలిన ఇసుకను దిబ్బలుగా పోసిరి. ఏలయన దానినుండి యశదమును లాభసాటిగా వేఱుచేయు విధాన మప్పటికి లేదు. ఆ దిబ్బలు కన్నుల యెదుటనే యున్నవి. వాని పొడవు, వెడల్పు, ఎత్తు కొలువవచ్చును. మచ్చులు తీసి యశదమెంత శాతమో తెలిసికొనవచ్చును. లెక్క కెట్టి సందేహమును లేదు. కాని దక్కుటమాత్రము సున్న. 1905లో ఆ దిబ్బలను కొని యశదమును తీయుటకై ఒక సంస్థ ఏర్పడినది; హూవరు అందు పాలుపంచుకొనెను. మొదటి పద్ధతులు విఫలమై ఆ సంస్థ మునిగిపోవు స్థితికి వచ్చినది. పిమ్మట నూనెను, గాలిబుడగలను ఉపయోగించి ఖనిజపు పొడిని నురుగుతో పైకి తేల్చు ఉపాయము కుదిరినది, దిబ్బలు ధనమైనవి. ఇసుక మాఱలేదు, దానిలోని శాతమును మాఱలేదు, మానవుని విద్య మాఱినది.

అందుచేతనే నేడు రెండు మాటలను వేర్వేఱుగా వాడుదురు. భూమిలో నున్నదని అంచనా కట్టినది వనరు. అందు నేటి విద్యతో, నేటి ధరతో, చట్టము అనుమతించినట్లు తీసి లాభముపొందదగినది నిలువ. వనరెల్ల నిలువ కాదు. పత్రికలలో కోట్ల టన్నులని చదువునప్పుడు అది ఈ రెంటిలో ఏదియో మొదట చూడవలెను.

కొలుచు విధము

ధాన్యపు వర్తకుడు బస్తా విప్పకుండ సన్నని గొట్టమును గ్రుచ్చి మచ్చు తీయును. భూవిజ్ఞానియు అట్లే చేయును. అతని గొట్టపు మొనకు వజ్రపు తునకలు పొదిగియుండును. అది తిరుగుచు దిగుచుండగా ఱాయి కడ్డీగా లోనికి వచ్చును. ఆ కడ్డీలను వరుసగా పెట్టెలలో నుంచి, లోతు వ్రాసి, నిలువుగా రెండుగా కోయుదురు. ఒక సగము పరీక్షకు పోవును. రెండవ సగము సాక్ష్యముగా పెట్టెలోనే యుండును.

ఇట్లు నూరు మీటర్ల కొకటి చొప్పున రంధ్రములు వేసిరనుకొందము. కడ్డీ అడ్డుకొలత ఐదు సెంటీమీటర్లు. నూరు మీటర్ల చదరమునకు ఆ కడ్డీ ప్రతినిధి. అనగా సుమారు 50 లక్షల పాళ్ళలో ఒక్క పాలు చూచి తక్కినదానిని చెప్పుచున్నారన్నమాట. ఒక బస్తాలో ఒక్క గింజను చూచి ధాన్యపు నాణ్యమును చెప్పుటకంటె ఇది సాహసము. కావుననే రంధ్రముల నడిమి దూరము తగ్గినకొలది నమ్మకము పెరుగును, ఖర్చును పెరుగును.

లెక్క పైకి సులభము. ఉదాహరణమునకు ఒక ఖనిజపు పొర 400 మీటర్ల పొడవును, 200 మీటర్ల లోతును, 10 మీటర్ల మందమును గలదనుకొందము. ఘనపరిమాణము 8 లక్షల ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు బరువు 3 టన్నులైన మొత్తము 24 లక్షల టన్నులు. అందు యశదము నూటికి 5 పాళ్ళయిన లోహము 1,20,000 టన్నులు. ఇంతవఱకు బడిపిల్లవాడును చేయగలడు. పొరపాట్లు ఈ గుణకారమున ఉండవు. గుణింపబడిన అంకెలలో ఉండును.

మొదటిది మందము. రంధ్రము పొరను అడ్డముగా ఖండింపక ఏటవాలుగా ఖండించినచో కడ్డీలో ఖనిజము ఎక్కువ పొడవున కనబడును. పొరకును రంధ్రమునకును నడుమ 30 డిగ్రీల కోణమే యున్నచో కడ్డీలో 10 మీటర్లు కనబడినను నిజమైన మందము 5 మీటర్లే. దానిని సవరింపనివాడు 60,000 టన్నులను 1,20,000 అని వ్రాయును.

రెండవది సగటు. ఒక రంధ్రమున 2 మీటర్ల మేర 10 శాతము, తరువాత 8 మీటర్ల మేర 2 శాతము యశదము దొరకినదనుకొందము. పదియు రెండును కూడి సగము చేసి 6 శాత మనుట తప్పు. ఒక్కొక్క శాతమును దాని పొడవుతో గుణించి, కూడి, మొత్తపు పొడవుచే భాగింపవలెను; అప్పుడు వచ్చునది 3.6 శాతము. రెండెకరముల మాగాణి దిగుబడిని ఎనిమిదెకరముల మెట్టకు సరిసమానముగ కలిపి సగటు కట్టిన కరణమును రైతులు నవ్వుదురు గదా.

మూడవది తరుగు. కప్పు కూలకుండ కొంత ఖనిజమును స్తంభములుగా విడువవలెను. శుద్ధిచేయునప్పుడు కొంత ఇసుకతో పోవును. త్రవ్వకమున నూటికి 80, శుద్ధిలో నూటికి 85 దక్కినచో పై 1,20,000 టన్నులలో చేతికి వచ్చునది 81,600 టన్నులే.

నాలుగవ పొరపాటు సూక్ష్మమైనది. దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసిన డానీ క్రిగ్ 1951లో దీనిని గణితముచే నిరూపించెను. మచ్చులనుబట్టి మిక్కిలి మేలైనవని ఎంచిన భాగములు త్రవ్వినప్పుడు అంచనాకంటె తక్కువ ఇచ్చుచుండెను. నాసియని ఎంచినవి అంచనాకంటె ఎక్కువ ఇచ్చుచుండెను. ఏలయన మచ్చులలో అదృష్టవశమున ఎక్కువ పలికినదానినే మనము మేలైనదని ఏఱుకొందుము. కావున ఒక్క రంధ్రపు మాటను సంపూర్ణముగ నమ్మక, చుట్టుప్రక్కల రంధ్రముల సాక్ష్యమును దూరమునుబట్టి తూచి కలుపవలెను. ఫ్రాన్సు దేశపు పండితుడు జార్జి మాథెరన్ దీనిని శాస్త్రముగా విస్తరించి, క్రిగ్ పేరిట క్రిగింగు అని పిలిచెను. నేటి కంప్యూటర్లు గనుల లెక్కను ఈ పద్ధతిని విరివిగా చేయుచున్నవి.

అత్యాశయు కట్టుబాటును

లెక్క తెలిసినంత మాత్రమున లోభము నశింపదు. 1969లో పశ్చిమ ఆస్ట్రేలియాలో నికెలు దొరకినదన్న వార్తపై పొసైడన్ అను సంస్థ వాటా ఒక డాలరునకు లోపలనుండి పెరిగి, 1970 ఫిబ్రవరి నాటికి 280 డాలర్లకు ఎగసి, పిమ్మట కూలినది. ఈ గాలివాన నష్టములను చూచి, 1971లో ఆ దేశపు గనుల సంఘములవారు ఒక సమితిగా నేర్పడిరి. వారి నియమావళి 1989లో వెలువడినది. ఊహింపబడిన వనరు, సూచింపబడిన వనరు, కొలువబడిన వనరు అని మూడు మెట్లు అందు కలవు. లెక్క వ్రాసినవాడు తన పేరును, అర్హతను ప్రకటించి బాధ్యత వహింపవలెను.

1997లో ఇండోనేషియాకు చెందిన బోర్నియో ప్రాంతమున బుసాంగు బంగారు నిక్షేపమని బ్రీఎక్స్ అను కెనడా సంస్థ చేసిన ప్రచారము వట్టిదని తేలినది. పొడిచేసిన మచ్చులలో ఎవరో బయటి బంగారపు రజను కలిపిరి. అంతకుముందు ఆ సంస్థ వాటాల విలువ సుమారు 600 కోట్ల కెనడా డాలర్లు పలికెను; వేలకొలది గృహస్థుల కూడబెట్టిన సొమ్ము పోయినది. అచట ఱాతికడ్డీని రెండుగా కోసి సగము దాచు ఆచారమును పాటింపక, కడ్డీనంతను పొడిచేసిరి. సాక్ష్యపు సగము లేకపోవుటయే మోసమునకు తలుపు తెఱచినది.

మన దేశమున ఐక్యరాజ్యసమితి వర్గీకరణము అంగీకరింపబడినది. అందు ప్రతి ఖనిజరాశికి మూడంకెల సంఖ్య నిత్తురు: ఒకటి లాభసాధ్యతను, ఒకటి గని నడుపు యోగ్యతను, ఒకటి భూపరిశోధన గాఢతను తెలుపును. 111 అనగా మూడింటను మేలైనది. 2015 నాటి కేంద్రప్రభుత్వ నియమములు పరిశోధనకు జి4 మొదలు జి1 వఱకు నాలుగు దశలను విధించినవి. జి4 తొలి పరిశీలనము, జి1 సమగ్రపరిశోధనము.

జావరు పునరుద్ధరణమును ఆగూచా వెల్లడియు

రెండవ ప్రపంచయుద్ధమున 1942లో బర్మాదేశము జపానువారి వశము కాగా, అచటి బాడ్విన్ గనుల సీసము మన దేశమునకు రాకుండెను. అప్పుడు భారత భూవిజ్ఞాన పరిశోధక శాఖవారు పాత జావరును తిరిగి పరిశోధించిరి. యుద్ధానంతరమున ఒక ప్రైవేటు సంస్థ దానిని నడిపెను. 1966 జనవరిలో కేంద్రప్రభుత్వము హిందూస్థాన్ జింక్ సంస్థను స్థాపించి గనుల నప్పగించెను.

1977లో భీల్వాడా జిల్లా రాంపురా ఆగూచా గ్రామములకడ రాష్ట్ర గనుల శాఖకు చెందిన భూవిజ్ఞాని యొకడు త్రుప్పువన్నె ఱాతిని కనిపెట్టెను. దాపున పూర్వుల కిట్టపు దిబ్బలును కలవు. రంధ్రములు వేసి చూడగా సుమారు ఒకటిన్నర కిలోమీటరు పొడవు గల గొప్ప నిక్షేపము బయటపడినది. తొలి అంచనా సుమారు 6 కోట్ల టన్నుల ఖనిజము; అందు యశదము నూటికి 13 పాళ్ళకు పైగా, సీసము రెండు పాళ్ళకు దగ్గఱగా నుండెను. 1991లో గని పనిచేయ నారంభించెను. లోతునకు వేసిన క్రొత్త రంధ్రములవలన తొలి హద్దునకు దిగువను ఖనిజము కొనసాగినట్లు తేలినది. ఇచ్చట అంచనా తక్కువైనను అది తప్పులెక్క కాదు. చూచినంతవఱకు వ్రాసిరి, తరువాత చూచినది తరువాత కలిపిరి.

అగ్నిగుండాల

మన ప్రాంతపు ఉదాహరణము అగ్నిగుండాల. నేటి పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతమున, కడప శిలాసముదాయమునకు చెందిన డోలమైటు ఱాతిలో, బండలమొట్టుకడ సీసమును, నల్లకొండకడ రాగియు, ధూకొండకడ రెండును కలవు. పూర్వులు త్రవ్విన గోతులు ఇచ్చటను కనబడినవి. భారత భూవిజ్ఞాన పరిశోధక శాఖవారు రంధ్రములు వేసి లెక్క కట్టిరి. 1980 దశకమున హిందూస్థాన్ జింక్ సంస్థవారు బండలమొట్టుకడ సీసపు గనిని నడుపుచుండిరి. 1977లో విశాఖపట్టణమున ఆ సంస్థవారి యశదపు కర్మాగారమును ప్రారంభమైనది. రాజస్థానపు ఖనిజచూర్ణము అచ్చటికి వచ్చుచుండెను.

2002లో ఆ సంస్థ యాజమాన్యము ప్రైవేటువారి చేతికి పోయినది. బండలమొట్టు గని మూతబడినది. విశాఖపట్టణపు కర్మాగారము 2012లో ఆగినది. గని మూతబడినంతమాత్రమున మిగిలిన సీసము భూమినుండి మాయము కాలేదు. నిలువ అను కాలమునుండి వనరు అను కాలమునకు అది మాఱినది. ఆగూచావలె చిక్కనైన ఖనిజము ధర పడిపోయినను గనిని నిలుపును. పలుచనైనది ధరతోపాటు తలవంచును. కాగితముపై ఒక కాలమునుండి మఱియొక కాలమునకు అంకె మాఱినప్పుడు, ఊరిలో కూలివాని పని, అంగడివాని బేరము, పిల్లల బడిజీతము కూడ మాఱును. భూగర్భపు లెక్క ఇంజనీరులకు మాత్రమే సంబంధించినదని గ్రామవాసులు ఉపేక్షింపరాదనుట కిదియే కారణము.

గ్రామములు అడుగవలసినవి

ఏ యూరి పొలిమేరలోనైన కోట్ల రూపాయల ఖనిజము కలదన్న వార్త పుట్టవచ్చును. భూముల ధరలు పెరుగును. బయానాలు చేతులు మాఱును. కొందఱు పైరు మానుకొందురు. అట్టి సమయమున నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఎన్ని రంధ్రములు వేసిరి, వాని నడుమ దూరమెంత? చెప్పిన అంకె వనరా, నిలువయా. ఏ మెట్టుకు చెందినది? ఏ సంవత్సరపు లోహపు ధరపై ఆ లెక్క కట్టిరి? లెక్కకు బాధ్యుడుగా ఎవరు సంతకము చేసిరి? వీనికి సమాధానము లేనిచో, ఆ అంకె హూవరు టన్నులలో చెప్పరాదన్న మూడవ తరగతిలోనిదే.

ఆకరాధ్యక్షునకు కిట్టము, బూడిద గుఱుతులైనవి. నేటివారికి వజ్రపు మొనయు, గణితమును, కంప్యూటరును తోడైనవి. ఎన్ని సాధనములు వచ్చినను, రెండు రంధ్రముల నడుమ ఉన్న ఱాతిని త్రవ్వకముందు ఎవరును చూడలేదు. ఆ చూడని భాగమును దాచక చెప్పిన లెక్కయే మంచి లెక్క. అట్టి లెక్కను చదివి, అడుగవలసినది అడుగగల పాఠకులు ప్రతి గ్రామమునను ఉండవలెను. అట్టివారిని తయారుచేయుటకే గ్రంథాలయములు వెలసినవి.